దూరపు బాటకు లారీ కొందుమా?

కొల్లేటి ఒడ్డున చేపల చెరువులున్న ఊళ్లలో సాయంకాలము రోడ్డు ప్రక్క నిలువబడినచో, లారీలు ఒకదాని వెనుక నొకటి బయలుదేరుట చూడవచ్చును. ప్లాస్టిక్ ట్రేలలో శీలావతి, బొచ్చె చేపలు, పొరకును పొరకును నడుమ పొడిచేసిన ఐసు, పైన టార్పాలిన్. అవి ఏలూరు వద్ద 16వ నంబరు జాతీయ రహదారి నెక్కి విశాఖపట్టణము, ఇచ్ఛాపురము, భువనేశ్వరము, ఖరగ్‌పూరుల మీదుగా హౌరా చేరును. సుమారు 1,200 కిలోమీటర్ల దూరము. కొన్ని అచ్చట నాగక మరి వెయ్యి కిలోమీటర్లు సాగి అస్సామునకు పోవును. చిన్ననాటినుండి వీనిని చూచుచు పెరిగినవారము గనుక, మనకును ఒక లారీ యుండవలెనని మా యింట కోరిక పుట్టుటలో వింత లేదు.

2025 సెప్టెంబరు 22న లారీలపై జి.ఎస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినది. ఆ దసరాకే మా తమ్ముడు షోరూమునకు పోయి ధరల కాగితము తెచ్చినాడు. బాడీ కట్టించుటతో కలిపి 40 లక్షలు. చేతిలో 10 లక్షలున్నవి. తక్కిన 30 లక్షల అప్పునకు లారీతోపాటు నాన్నగారి పొలమును కూడ హామీగా చూపవలసి యుండెను. నాన్నగారు కాదనలేదు. "లెక్క చూచి చెప్పండి" అని మాత్రము అనిరి. ఆ లెక్కనే నేడు శ్రోతల ముందుంచుచున్నాము.

మొదట మేము చేసిన లెక్క అందరును చేయునదే. పోయి వచ్చుటకు 2,400 కిలోమీటర్లు. లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున 600 లీటర్ల డీజిలు. లీటరు 95 రూపాయలని వేసికొన్నచో 57,000 రూపాయలు. ఆపైన టోలు, జీతములు, బత్తా, టైర్ల అరుగుదల, బీమా. ఇవన్నియు కిరాయిలోనుండి తీసివేయగా కొంత మిగులునట్లే కనబడెను. తమ్ముడు సంతోషించినాడు.

అయితే ఈ లెక్కలో దినములు లేవు. 30 లక్షల అప్పు నూటికి 10 వడ్డీతో అయిదేండ్లలో తీర్చవలెనన్నచో నెలకు వాయిదా దాదాపు 63,700 రూపాయలు. లారీ తిరిగినను తిరుగకున్నను ఈ సొమ్ము కట్టక తప్పదు. నెలకు మూడు ట్రిప్పులు పడినచో ఒక్కొక్క ట్రిప్పు మోయవలసిన వాయిదా భారము 21,000 పైచిలుకు. రెండే పడినచో దాదాపు 32,000. కిరాయి మారలేదు, డీజిలు మారలేదు, డ్రైవరు తప్పు చేయలేదు. అయినను ట్రిప్పునకు పదివేలకు మించి తరిగిపోయినది. కావున కిరాయి ఎంతయని అడుగుటకు ముందు, తిరిగి వచ్చుటకు ఎన్ని దినములని అడుగవలెనని మాకు తోచినది.

ఇరువది యేండ్లుగా ఈ బాట నడచిన డ్రైవరొకరు మా తమ్మునితో అన్నమాట ఇది: "బాబూ, పోయేటప్పటి కిరాయి అందరూ చెప్తారు. అక్కడెన్ని రోజులు పడుకున్నావో అదడుగు."

పోవునప్పుడు సరకు దానంతట అదే దొరకును. వచ్చునప్పుడే చిక్కు. వంగదేశమునుండి మన ప్రాంతమునకు వచ్చు సరకులలో ముఖ్యమైనవి గోనెసంచులు, బంగాళాదుంపలు. చేపలు దింపిన లారీని ఎంత కడిగినను వాసన పూర్తిగా పోదు గనుక బియ్యము, పిండి వంటి తినుబండారములను అందులో నెక్కింప నెవరును ఒప్పుకొనరు. కావున కొద్దిపాటి సరకు కొరకు అనేక లారీలు కాచుకొని యుండును. బ్రోకరు చెప్పినదే కిరాయి. 2024లో పశ్చిమ బెంగాలు ప్రభుత్వము బంగాళాదుంపలు పొరుగు రాష్ట్రములకు పోకుండ కట్టడి చేసినపుడు సరకెక్కించిన లారీలు సరిహద్దులో నిలిచిపోయినవి. దుంపల ధరతో లారీ యజమానికి సంబంధము లేదు; వాయిదాతో ఉన్నది.

రహదారి మెరుగు పడలేదా యని కొందరడుగుదురు. పడినది. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చిన పిమ్మట సరిహద్దులలోని వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయినవి. ఫాస్టాగ్ వచ్చినందున టోలుగేట్ల వద్ద చిల్లర కొరకు నిలుచు బాధ తగ్గినది. కాని ఆ లాభము అందరికిని వచ్చినది గనుక ఎవరికిని ప్రత్యేకముగా మిగులలేదు. 2018లో కేంద్రము ఇరుసుల బరువు పరిమితి పెంచినపుడును ఇట్లే జరిగినది. మూడు ఇరుసుల లారీకి మొత్తము బరువు 25 టన్నులుండగా 28.5 టన్నులకు పెంచిరి. ప్రతి లారీయు ఎక్కువ మోయగలిగినపుడు అదే సరకునకు తక్కువ లారీలు చాలును. ఇప్పుడు పన్ను తగ్గినదని మేము కొనదలచినట్లే ప్రతి ఊరిలోను ఒకరు కొనదలచుచుందురు గదా!

ఇక డ్రైవర్ల మాట. గంటకు 40 కిలోమీటర్ల సగటున హౌరా చేరుటకు 30 గంటలు చక్రము తిరుగవలెను. 2025 వరకు అమలులోనుండిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటల పని యనుచుండెను. ఒక్క మనిషితో ఆ పరిమితి ననుసరించినచో దాదాపు నాలుగు దినములు పట్టును. ఐసులోని చేప అంతవరకు వేచియుండదు. కావున ఇద్దరు డ్రైవర్లుండవలెను. ఒక్కరితో నడిపి రెండవవాని జీతమును లాభములో చూపువారిని మేమెరుగుదుము. మా తమ్ముడును మొదట నట్లే వ్రాసినాడు. అమ్మ ఆ పంక్తి చూచి, "వాడికి నిద్ర వద్దా?" అని అడిగినది. ఆ పంక్తి కొట్టివేసితిమి.

కాగితముపై తెగనందున, మాకు తెలిసిన ఒక యజమానివద్ద మూడు నెలలకు ఒక లారీని అద్దెకు తీసికొంటిమి. నవంబరు, డిసెంబరు, జనవరి. రెండు ట్రిప్పులలో తమ్ముడు స్వయముగా పోయినాడు. బయలుదేరిన గంట, దింపిన గంట, తిరుగు లోడు దొరికిన గంట, అన్నియు ఒక నోటు పుస్తకములో వ్రాసినాడు. తొమ్మిది ట్రిప్పులు పడునని మా అంచనా. ఏడు పడినవి. ఒకసారి హౌరా అవతల తిరుగు లోడుకై నాలుగు దినములు కాచుకొన్నారు. ఒకసారి ఖాళీగానే భువనేశ్వరము వరకు వచ్చి అచ్చట సరకు పట్టుకొన్నారు. సంక్రాంతికి డ్రైవర్లు ఇండ్లకు పోయిరి. పోవద్దనుట మాకు చేతకాలేదు, న్యాయమును కాదు.

లారీ మాదేయైనచో ఆ ఏడు ట్రిప్పులమీద మూడు నెలల వాయిదా పంచగా ట్రిప్పునకు 27,000 దాటినది. అన్ని ఖర్చులును పోగా మిగిలినది అంతకు తక్కువ. పొలము పత్రములు బీరువాలోనే యున్నవి. ఆ లారీని మరి ఆరు నెలలు అద్దెకే నడుపుటకు యజమానితో మాట యైనది. హౌరాలో గోనెసంచుల వ్యాపారి యొకనితో నెలకు రెండు తిరుగు లోడులకు ఒప్పందము కుదుర్చుకొనుటకు తమ్ముడు మొన్ననే మరల బయలుదేరినాడు. నోటు పుస్తకమును వెంట తీసికొని పోయినాడు.