ఎవరి చూపుతో చూస్తున్నాం?

(మహిళా కార్యకర్తల కోసం జరిగిన లఘుచిత్రాల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సినిమా చదువు చదువుకోలేదు. మీలాగే సంఘం పనిలోంచి కెమెరా దగ్గరికి వచ్చినదాన్ని. కాబట్టి లఘుచిత్రాన్ని ఎలా చూడాలి, తీయబోయే చిత్రం గురించి ఒక పేజీలో రాసి ఎదుటివారిని ఎలా ఒప్పించాలి అన్న రెండు విషయాలూ నా తప్పుల మీదుగానే చెబుతాను. ఆ పేజీనే సినిమావాళ్ళు 'పిచ్' అంటారు.

నిన్న సాయంత్రం మనం 'ఇది కథ మాత్రమేనా' చూశాం. 1983లో యుగాంతర్ బృందం హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనతో కలిసి తీసిన తెలుగు చిత్రం. దర్శకత్వం దీపా ధన్‌రాజ్. నిడివి అరగంట కూడా లేదు. ఇంట్లో జరిగే హింసను సంసారంలో మామూలేనని కొట్టిపారేసే రోజుల్లో వచ్చింది. చూశాక మనలో చాలామంది "పాపం" అన్నారు. జాలి పడటం తప్పు కాదు గానీ, అక్కడే ఆగిపోతే చిత్రం మనకేమీ నేర్పదు. ఈరోజు మళ్ళీ చూద్దాం. ఒకసారి శబ్దం తీసేసి, ఆమె ఇంట్లో ఎక్కడెక్కడ ఉంటోందో గమనించండి. మరోసారి కళ్ళు మూసుకుని, ఎవరి గొంతు ఎంతసేపు వినిపిస్తోందో లెక్కపెట్టండి. మాట్లాడనిది ఎవరు? కెమెరా ఎవరి పక్కన నిలబడింది?

ఈ చివరి ప్రశ్నను నాకు బాగా అర్థం చేయించింది జహీరాబాద్ ప్రాంతపు స్త్రీలు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, బడిముఖం చూడనివాళ్ళు సైతం, కెమెరా పట్టి సొంతంగా చిత్రాలు తీశారు. పైనుంచి కిందికి చూసే షాటుకు వాళ్ళు పెట్టుకున్న పేరు 'పటేల్ షాట్'. కంటికి కన్ను సమానంగా ఉండేది 'సంఘం షాట్'. సంఘంలో అందరూ సమానమే కదా! ఇంత సూటి పాఠం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇక నా తప్పు. మా దగ్గరికి వచ్చిన ఒకామె, కూలి పని చేసుకునే మనిషి, భర్త మీద మనోవర్తి కేసు వేసింది. ఆమె గురించి చిత్రం తీద్దామని పిచ్ రాశాను. 'ఒక అభాగ్యురాలి కన్నీటి గాథ' అని మొదలుపెట్టాను. పంపేముందు ఆమెకు చదివి వినిపించాను. అంతా విని, "ఇందులో నేను ఏడవటం తప్ప ఇంకేం చెయ్యలేదా అక్కా? అన్నిసార్లు కోర్టుకి తిరిగింది రాయలేదేం?" అంది. కాసేపాగి, "రేపు నా బిడ్డ బడిలో ఇది వేస్తే?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నేను తీయబోయింది పటేల్ షాట్ అని అప్పుడు తెలిసింది.

ఇద్దరం కూర్చుని మళ్ళీ రాశాం. మొదటి రెండు వాక్యాలు ఇలా వచ్చాయి: 'మనోవర్తి కోసం వాయిదా వాయిదాకీ పట్నం వెళ్ళే ఒక కూలి స్త్రీ, పోయిన ప్రతి రోజు కూలికీ ఇంటి గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తుంది. మనోవర్తి ముందొస్తుందా, గోడ ముందు నిండుతుందా?' ఎవరు, ఏం కోరుతున్నారు, ఏది అడ్డుపడుతోంది అన్న మూడూ అందులో ఉన్నాయి.

తర్వాత, తెర మీద ఏం కనిపిస్తుందో రాశాం. కోర్టు హాల్లో అనుమతి లేకుండా కెమెరా పెట్టలేం. అందుకని తెల్లవారుజాము బస్సు, సద్దిమూట, చెట్టు కింద ఎదురుచూపు, గోడ మీద గీతలు. 'వ్యవస్థ నిర్లక్ష్యాన్ని చూపిస్తాం' అని రాస్తే ఎవరికీ ఏమీ కనబడదు. గీతలు కనబడతాయి.

ఇప్పుడే ఎందుకు తీయాలి అన్నదానికి ఒక నిజం చాలు. మధ్యంతర మనోవర్తి దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లోగా వీలైనంతవరకు తేల్చాలని పాత 125వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ఆ గోడ మీద గీతలు వేరే లెక్క చెబుతున్నాయి.

చివరగా నిడివి, ఖర్చు, ఆమె షరతులు రాశాం. ముఖం చూపకూడదు, ఊరి పేరు రాకూడదు, పూర్తయిన చిత్రం ముందు ఆమే చూడాలి. ఈ షరతులను పిచ్‌లోనే రాయండి. డబ్బిచ్చేవాళ్ళు తర్వాత "ముఖం ఉంటే బావుండేది" అంటే, ఆ కాగితమే మనకు అండ.

మమ్మల్నీ అలాగే అడిగారు. మేం ఒప్పుకోలేదు. ఆ ఏడు మాకు డబ్బు రాలేదు. అందుకు బాధపడ్డాను గానీ, ఆమె ముందు తల దించుకోవాల్సిన పని పడలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కొక్కరూ ఒక్కో పేజీ రాయండి. రాసింది మాకంటే ముందు, అది ఎవరి కథో వారికి చదివి వినిపించగలరా అని ఆలోచించండి. చదవలేమనిపించిన వాక్యాన్ని కొట్టేసి, మళ్ళీ మొదలుపెట్టండి.