పాత యంత్రానికి కొత్త ఇల్లు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి మాట్లాడతానని కార్యదర్శిగారు ప్రకటించగానే వెనుక వరుసలో కొందరు టీ కోసం లేవబోతున్నట్లు కనిపించింది. దయచేసి కూర్చోండి. నేను చెప్పబోయేది మన పింఛను కాగితాల సంగతే.

మన సభ్యుల రిజిస్టరును 1998లో ఫాక్స్‌ప్రోలో ఎక్కించాము. చేరిన తేదీ, పదవీ విరమణ తేదీ, పి.పి.ఓ. నంబరు, సర్వీసు పుస్తకంలో ఉన్న ప్రకారం భార్య లేక భర్త పేరు - ఇవన్నీ ఒక్కొక్కరినీ అడిగి, ఆదివారాలు కూర్చుని టైపు చేసినవి. తరువాత 2004లో కొన్న కంప్యూటరులో విండోస్ ఎక్స్‌పీ మీద అదే రిజిస్టరు నడుస్తూ వచ్చింది.

2023 వేసవిలో మన సభ్యుడొకరు కాలం చేశారు. పది రోజుల తరువాత ఆయన భార్య, మేమంతా వదినగారూ అని పిలిచే ఆవిడ, ఆఫీసుకు వచ్చారు. పి.పి.ఓ. కాగితం పెట్టెలో చెదలు తినేసింది. నంబరు ఇంట్లో ఎవరికీ తెలియదు. "మీ దగ్గర ఉంటుందని ఆయన చెప్పేవారండీ" అన్నారు. నేను ధీమాగా మీట నొక్కాను. కంప్యూటరు ఉలకలేదు, పలకలేదు.

మెకానిక్కు వచ్చి, "దీన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయండి" అన్నాడు. మరొకరిని పిలిస్తే కరెంటు సరఫరా పెట్టె మాత్రమే పోయిందని తేల్చారు. అది మార్చాక నంబరు దొరికింది, వదినగారి కుటుంబ పింఛను కదిలింది. కాని ఆ నాలుగు రోజులు నాకు నిద్ర లేదు. పోయినది హార్డ్ డిస్కే అయి ఉంటే ఆవిడకు ఏమని చెప్పేవాణ్ణి?

కొత్త కంప్యూటరులోకి ఎక్కిస్తే సరి కదా అని మీరనవచ్చు. ఎక్కించి చూశాము, నడవలేదు. ఆ ఫాక్స్‌ప్రో డాస్ కాలపు 16 బిట్ల ప్రోగ్రాము. నేటి 64 బిట్ల విండోస్ అటువంటివాటిని నడపదు. పోనీ ఫైళ్ళు మాత్రం తీసుకుందామా అంటే, రిజిస్టరు ఒక్క ఫైలు కాదు. పేర్లు ఒకచోట, కుటుంబ వివరాలు మరొకచోట, విభాగాల కోడు నంబర్లు ఇంకొకచోట. అన్నిటినీ కలిపి ఒక సభ్యుని పుటగా చూపేది ఆ ప్రోగ్రామే.

అప్పుడు తెలిసింది, వర్చువల్ మెషీన్ అనే ఉపాయం. మనలో కొందరం పల్లె వదిలి కొడుకు ఫ్లాటుకు చేరాము. అక్కడ మన గదిలో మన నవారు మంచం, మన గోడ గడియారం, మన పూజా పీట అలాగే అమర్చితే, తెల్లవారి లేచినప్పుడు ఊళ్ళోనే ఉన్నట్లుంటుంది. ఇదీ అంతే. కొత్త కంప్యూటరులో ఒక ప్రోగ్రాము పాత కంప్యూటరులా నటిస్తుంది. లోపలున్న ఎక్స్‌పీకి తాను ఇల్లు మారిన సంగతి పెద్దగా తెలియదు. ఇది నిన్నటి విద్య కాదు. ఐబీఎంవారు 1972లోనే పెద్ద యంత్రాల కోసం వీఎం/370 విడుదల చేశారు. మేము వాడినది వర్చువల్‌బాక్స్, 2007లో వచ్చినది, ఉచితం.

పాత డిస్కును విప్పి, కేబులుతో కొత్త యంత్రానికి తగిలించి, డిస్క్ టు వీహెచ్‌డీ అనే ఉచిత సాధనంతో మొత్తాన్ని ఒకే ఫైలుగా నకలు తీశాము. మొదటిసారి నడిపితే నీలి తెర వచ్చి ఆగిపోయింది. ఆ ఫైలును సాటా పద్ధతిలో తగిలించడం మా పొరపాటు. ఎక్స్‌పీకి తెలిసినది పాత ఐడీఈ పద్ధతి. అలా మార్చగానే మన పాత తెర ప్రత్యక్షమయింది. యంత్రం మారిందని లైసెన్సు అడిగింది. మనది విడిగా కొన్నది, బిల్లుతో సహా దాచాము కనుక చిక్కు తీరింది. కంప్యూటరుతోపాటు వచ్చిన లైసెన్సు అయితే ఆ యంత్రానికే పరిమితం. అది ముందే చూసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టువారి రక్షణ 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. అందుచేత లోపలి ఎక్స్‌పీకి ఇంటర్నెట్టు ఇవ్వలేదు. మీరూ ఇవ్వకండి.

మరొక మాట. ఈ గది కూడా శాశ్వతం కాదు. అందుకే అక్కడి నుండి ప్రతి సభ్యుని పుటనూ అచ్చు తీసి రెండు బైండు పుస్తకాలు చేయించాము. పాత తెలుగు ఫాంటులో ఉన్న మన వార్తాలేఖలు కొత్త యంత్రంలో పిచ్చి గీతలుగా కనబడుతున్నాయి. వాటిని లోపలి ఎక్స్‌పీలోనే తెరిచి పీడీఎఫ్‌లుగా మార్చుకున్నాము. ఆ పెద్ద ఫైలు నకళ్ళు రెండు డిస్కులలో ఉన్నాయి. ఒకటి ఆఫీసులో, ఒకటి కోశాధికారిగారింట్లో.

బైండు పుస్తకాలు ఈ రోజు బయట బల్లమీద పెట్టాము. భోజనానికి వెళ్ళేముందు మీ పుట మీరు చూసుకోండి. నంబరులో, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే చెప్పండి. మీ శ్రీమతిగారిని కూడా పక్కన నిలబెట్టుకుని చూడండి. ఆ పుట అవసరపడే రోజున మనం చెప్పడానికి ఉండము.