మన వివరాలు ఎవరి చేతిలో?

(చోడవరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన నాకు రికార్డు విలువ తెలుసు. జనాభా లెక్కల పత్రాలను తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదని 1948 నాటి చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. రేషన్, పింఛను, వాహన రికార్డులకు అంతటి రక్షణ లేదు.

తెలంగాణలో పలు శాఖల రికార్డులను ‘సమగ్ర వేదిక’ పేరిట జతపరచి అర్హతలు తేల్చారు. అక్కడ 2016 నుంచి రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

మనలో ‘షేక్’ ఇంటిపేరుతో, ఒకే పేరుతో వీధికి నలుగురుంటారు. ఒకరి కారు మరొకరి పేర నమోదైతే పేదవాడి బియ్యం ఆగిపోతుంది.

అనర్హులను ఏరివేయవద్దని నేననను. కాని రద్దుకు ముందే నోటీసు ఇవ్వాలి, మన మాట వినాలి. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తీర్పునిచ్చింది.

కార్డు రద్దయితే కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. ఏ రికార్డు ఆధారమో సమాచార హక్కు చట్టం కింద కోరండి. దరఖాస్తుకు రసీదు తీసుకోండి. చదువురాని పొరుగువారి తరఫున ఆ దరఖాస్తు రాసిపెట్టే బాధ్యత మన యువతీయువకులది.