ఉరిశిక్ష - దీవుల్లో, మన దగ్గర

(నాగర్‌కర్నూల్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎక్కడో కరీబియన్ దీవుల్లో ఉరిశిక్ష రద్దయితే పాలమూరు ఆడవాళ్లకేం సంబంధమని గద్వాల నుంచి వచ్చిన అక్క ఇందాక అడిగింది. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాంకు కప్పం కట్టేవి. నిజాం ఇంగ్లీషువాళ్లకు లోబడి ఉండేవాడు. ఒకరి ఏలుబడి కింద ఇంకొకరి ఏలుబడి అంటే ఏమిటో మనకు తెలుసు.

బ్రిటన్ తన గడ్డ మీద హత్యానేరానికి ఉరిని 1965లో నిలిపి, 1969లో శాశ్వతంగా ఎత్తేసింది. తన కింది దీవుల్లో మాత్రం ఉండనిచ్చింది. బెర్ముడాలో 1977లో ఇద్దర్ని ఉరితీశారు కూడా. అంగ్విలా, మాంట్‌సెరాట్, కేమన్ దీవులతో కలిపి ఐదు ప్రాంతాల్లో 1991లో లండన్ ఉత్తర్వుతో హత్యకు ఉరి రద్దయింది. బెర్ముడా 1999లో తన శాసనసభలోనే చర్చించి రద్దు చేసుకుంది. నాకు ఈ దారే నచ్చుతుంది. వాదించి ఒప్పించడం ఆలస్యమైనా సరే.

ఇక మన సంగతి. సాయుధ పోరాటంలో పట్టుబడిన తెలంగాణ రైతులకు 1949లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు మరణశిక్ష వేశాయి. ఆ డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు ఖాయం చేసింది. లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ అనే బారిస్టరు వచ్చి సుప్రీంకోర్టులో వాదించాడు. 1950 జనవరి 26కు ముందు హైదరాబాద్ హైకోర్టు భారత భూభాగంలోని కోర్టు కాదు గనుక ఆ అప్పీళ్లు వినే అధికారం తమకు లేదని 1950లో సుప్రీంకోర్టు అన్నది. తేడా కొన్ని వారాలే! తర్వాత ప్రజల ఆందోళన వల్ల ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి, ప్రాణాలు దక్కాయి.

ఇప్పుడు ఉరి కావాలంటున్నది మనమే. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగుర్నీ విచారణ లేకుండానే కాల్చేస్తే జనం పోలీసుల మీద పూలు చల్లారు. చంపాలనే కాల్చారని 2022లో సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. అత్యాచారానికి మరణశిక్ష వద్దని 2013లోనే జస్టిస్ వర్మ కమిటీ చెప్పింది, చాలా మహిళా సంఘాలూ ఆ మాటే చెప్పాయి. చట్టాలు మాత్రం ఉరిని పెంచుతూనే వచ్చాయి. నేరం చేసింది మేనమామో, బాబాయో అయినప్పుడు ఉరి పడుతుందంటే ఆ ఇంట్లో పిల్ల నోరు విప్పుతుందా? ఇంట్లోవాళ్లు విప్పనిస్తారా?

వనపర్తిలో మళ్లీ కూర్చున్నప్పుడు మన డిమాండ్ల పత్రంలో ఉరి అన్న మాట ఉంచాలా, తీయాలా తేల్చాలి. తీసేయాలని నేనంటాను. ఉంచాలనే అక్కలు ముందు మాట్లాడండి, వింటాను.