టర్బో మార్చినా మళ్ళీ ఎందుకు పోయింది?

మా చిన్నాన్న మదనపల్లె నుంచి చెన్నైకి డీజిల్ పికప్‌లో టమాటా తోలతాడు. ఏడాదిలో రెండోసారి టర్బో పోయింది. "ఇంకోటి వేసేద్దాం" అన్నాడు మెకానిక్. బండి ఈఎంఐలే ఇంకా తీరలేదు.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ముందు కారణం వెతకడం నాకు అలవాటు. పొగ చూశాం. నల్లగా వస్తే గాలి చాలట్లేదేమో, హోస్ పైపుల్లో లీకు చూడాలి. మాకు నీలంగా వచ్చింది, అంటే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ చల్లారాక ఇన్‌టేక్ పైపు విప్పి షాఫ్ట్ కదిపాం. పక్కలకి కాస్త ఆడితే పర్లేదు, ముందుకీ వెనక్కీ ఆడకూడదు. ఇది ఆడింది. రెక్కలు హౌసింగ్‌కి రాసుకున్న గీతలు కూడా ఉన్నాయి.

అసలు దొంగ మాత్రం టర్బోకి ఆయిల్ తెచ్చే సన్న పైపు. లోపల మసి గడ్డకట్టింది. మొదటిసారి దాన్ని ఎవరూ విప్పలేదు. నిమిషానికి లక్షసార్లకు పైగా తిరిగే షాఫ్ట్‌కి ఆయిల్ అందకపోతే బేరింగ్ ఎన్నాళ్ళుంటుంది?

ఈసారి టర్బోతో పాటు పైపు, ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేశాం. ఇంటర్‌కూలర్‌లో చేరిన ఆయిల్ కడిగించాం. టర్బోలో కాస్త ఆయిల్ పోశాకే స్టార్ట్ చేశాం.

ఘాట్ ఎక్కిన వెంటనే ఇంజిన్ ఆపకండి, ఒకట్రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. టర్బో మార్చమంటే మాత్రం, "ఆయిల్ పైపు చూశావా అన్నా?" అని ముందు అడగండి. మేం అడగలేదు, రెండో టర్బో కొన్నాం. ఉంటాను మరి.