షుగరు ఉన్న రైతు బతుకు

(సంఘం మండల సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర, ఎరువులు, కరెంటు గురించి మనం ప్రతి సభలో మాట్లాడుకుంటాం. ఈరోజు నేను షుగరు జబ్బు గురించి మాట్లాడతాను. నాకది వచ్చి 12 ఏళ్లయింది.

దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో చెప్పాయి. పల్లెల్లో పెద్దవాళ్లలో నూటికి దాదాపు 9 మందికి ఉంది. ఇది పట్నం జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు అనే మాట ఇక చెల్లదు.

నా సంగతే చెబుతాను. నాలుగేళ్ల కిందట నాట్లప్పుడు పొద్దున్నే మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా మడిలో దిగాను. కాసేపటికి చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, గట్టు మీద కూలబడ్డాను. నాట్లకొచ్చిన ఒక అక్క గ్లాసు నీళ్లలో చక్కెర కలిపి తాగిస్తే తేరుకున్నాను. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని తిండి మానేస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోతుందట. మాత్ర ఇచ్చినచోట ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. ఆ భయంతో రెండు నెలలు మాత్రలే మానేశాను. అది మరీ పెద్ద తప్పు. ఇప్పుడు తిన్నాకే పొలం వెళ్తాను, జేబులో చక్కెర పొట్లం ఉంటుంది. ఒళ్లు వణికితే మూడు చెంచాలు నోట్లో వేసుకుని, పావుగంట కూర్చుని, తర్వాత అన్నం తినాలి.

ఇక కాళ్లు. షుగరు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే పాదాల్లో నరాలు మొద్దుబారతాయి. ముల్లు దిగినా తెలియదు. పుండు పడుతుంది, మానదు, చివరికి కాలు తీసేయాల్సి రావచ్చు. కాలు పోయిన రైతుకు సేద్యం ఎక్కడిది? రోజూ రాత్రి కాళ్లు కడిగి, వేళ్ల సందులు తుడిచి, అరికాళ్లు చూసుకోండి. చూపు ఆనకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. ఆనెకాయలు బ్లేడుతో కోసుకోవద్దు. ఏడాదికోసారి కళ్లు, కిడ్నీల పరీక్ష చేయించుకోండి.

మన ఇళ్లలో ఆడవాళ్ల షుగరు ఎవరికీ పట్టదు. అందరూ తిన్నాక తినే మనిషికి వేళకు తిండి ఎలా దొరుకుతుంది? ఆమెకు విడిగా వంట అక్కర్లేదు. ఇంటిల్లిపాదీ అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచుకుంటే అందరికీ మంచిదే. జొన్నరొట్టెయినా లెక్కగానే తినాలి.

30 ఏళ్లు దాటిన అందరికీ బీపీ, షుగరు పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమమే చెబుతోంది. ఒక్కసారి చూసి కార్డులో రాస్తే సరిపోదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. మూడు నెలల సగటు పరీక్ష అక్కడే చేయాలి. పాదాలు చూడాలి. నాట్లు, కోతలప్పుడు సాయంత్రం కూడా డాక్టరు ఉండాలి. మాత్రల కోసం ఒక రోజు కూలి పోగొట్టుకునే మనిషి రెండో నెల రాడు. ఈ నాలుగింటినీ మన కోర్కెల పత్రంలో చేర్చాలని సభను కోరుతున్నాను.

ఈలోగా మీరు చేయగల పని ఒకటుంది. ఈ రాత్రి ఇంటికెళ్లి దీపం కింద మీ కాళ్లు చూసుకోండి. ఇంట్లో షుగరు ఉన్నవాళ్ల కాళ్లు కూడా చూడండి.