విడువక వ్రాసిన లెక్కలు – పట్టుబడిన మహాగ్రహము



ఆకాశమందలి విషయమును తమ యెదుట ప్రస్తావించుట యేల యని తోచవచ్చును. మేము చెప్పబోవునది లెక్కలు విడువక వ్రాసినవారి సంగతి. అది తమకును సంబంధించినదే.

సూర్యుని వంటి వేరొక నక్షత్రము చుట్టు తిరుగు గ్రహమును స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు మేయర్, కెలోజ్ 1995లో మొదట కనుగొనిరి. అది నాలుగు దినములకొక చుట్టు తిరుగును గనుక త్వరలోనే పట్టుబడెను. చుట్టు ముగియుటకు పదుల యేండ్లు పట్టు గ్రహముల సంగతి వేరు.

ఇట్టి గ్రహములు సామాన్యముగా దూరదర్శినికిని కానరావు. బిడ్డను చేతులు పట్టి గిరగిర త్రిప్పు తండ్రి తానును కొంత కదలునట్లు, గ్రహము లాగుటచే నక్షత్రము కదలును. అది మనవైపు వచ్చునపుడు దాని వెలుగు నీలము వైపునకును, దూరమగునపుడు ఎరుపు వైపునకును రవ్వంత జరుగును. ఈ మార్పును కొలిచియే గ్రహమున్నదని తెలిసికొందురు.

కన్యారాశిలో, సుమారు 100 కాంతి సంవత్సరముల దూరమున, హెచ్.ఆర్. 5183 అను నక్షత్రము కలదు. హవాయి దీవియందలి కెక్ వేధశాల మొదలగు చోట్ల దానిని 1990 దశాబ్దము నుండి కొలుచుచు వచ్చిరి. ఏండ్ల తరబడి కానవచ్చిన మార్పు స్వల్పము. అయినను లెక్క వ్రాయుట మానలేదు. తుదకు 2018 ప్రాంతమున నక్షత్రము వేగము త్వరత్వరగా మారెను. 2019లో సారా బ్లంట్ అను పరిశోధక విద్యార్థిని నాయకత్వమున గ్రహము సంగతి ప్రకటింపబడెను.

అది గురుగ్రహమునకు సుమారు మూడు రెట్లు బరువైనది. గురుడు గానుగెద్దు వలె ఇంచుమించు గుండ్రని దారిని తిరుగును. దీని దారి మిక్కిలి సాగిన కోల. మన సూర్యుని చుట్టు తిరిగినచో, ఒక కొన కుజ గురుల నడుమను, రెండవ కొన నెప్ట్యూనుకు ఆవలను ఉండును. ఉయ్యాల క్రిందికి వచ్చినపుడు వేగముగను, కొనలయందు నెమ్మదిగను పోవునట్లు, ఈ గ్రహమును నక్షత్రము చెంత పరుగెత్తి, దూరమున తాత్సారము చేయును. ఒక చుట్టునకు 50 మొదలు 100 యేండ్లకు పైగా పట్టవచ్చునని అంచనా. ఆ పరుగు కొలది కాలమే. 2015లో విసుగుచెంది కొలతలు మానియున్నచో, ఆ సమయము చేజారియుండెడిది.

మన గ్రామములందు వానకొలత, బావుల నీటిమట్టము, జనన మరణముల పుస్తకములు కలవు. ఒక సర్పంచి వ్రాయించిన పుస్తకమును తరువాతివారు మూలబెట్టినచో, వెనుకటి శ్రమయు వ్యర్థమగును. ఏ మార్పును లేదని తోచిన యేండ్ల లెక్కయే, బావులెండిన నాడు మనకు సాక్ష్యము. కావున పుస్తకము చేతులు మారినను వ్రాత ఆగకుండునట్లు చూడవలసినదిగా కోరుచున్నాము.